ఎర్ర లైటు వెలిగిన అరగంట

“ఒకరి కాగితం ఇంకొకరు చదవడమంటే ఎంత అసహ్యం!” అన్నాడు భర్త, బల్బు పొట్లాన్ని భోజనాల బల్ల మీద విసురుగా పెడుతూ.

ఆమె చేతిలో గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. బల్బు చుట్టి ఇచ్చిన కాగితం అతని రక్తపరీక్ష రిపోర్టు. పోయిన నెల పాత కాగితాలవాడికి వేసిన కట్టలోంచి అది వీధి చివరి కరెంటు సామాన్ల షాపుకు చేరింది. షాపతను దాన్ని శ్రద్ధగా చదివి, దాంట్లోనే బల్బు చుట్టి, చిల్లరతో పాటు ఓ సలహా కూడా చేతిలో పెట్టాడట. “సార్, షుగరు కాస్త పైకెళ్తోంది. పొద్దున్నే నడక మొదలుపెట్టండి.” పక్కనే నిలబడిన పై అంతస్తు పెద్దాయన విన్నాడట. ఇతను మెట్లెక్కి ఇంటికొచ్చేలోపు ఇంకో ఇద్దరు పరామర్శించారట.

“నా ఒంట్లో ఏముందో ఊరందరికీ ఎందుకు? మనిషన్నాక తనదంటూ ఒక గుట్టు ఉండొద్దూ?”

ఉండాలి, అనుకుంది ఆమె. ఆ మాట అతని నోటి నుంచి వినడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది.

పెళ్లైన కొత్తలో ఆమెకు ఒక నోటుబుక్కు ఉండేది. కాలేజీ రోజుల అలవాటు. రోజూ నాలుగు లైన్లు రాసి చీరల కింద పెట్టుకునేది. ఒక ఆదివారం చుట్టాలంతా హాల్లో ఉండగా అతను దాన్ని పట్టుకొచ్చి, గొంతు సవరించుకుని, వార్తలు చదివేవాడిలా అందుకున్నాడు. “‘ఈ ఇంట్లో నా అడుగుల చప్పుడు నాకే కొత్తగా ఉంది.’ విన్నారా? ఈవిడకి కొత్త చెప్పులు కొనాలి కాబోలు!” అందరూ నవ్వారు. బఠాణీలు ఒలుస్తున్న అత్తగారికైతే కళ్ల నీళ్లొచ్చాయి. “సరదాకన్నదానికి అంత మొహం మాడ్చుకోవాలా?” అన్నాడు అతను తర్వాత. ఆ వారమే నోటుబుక్కు కాగితాలు చింపి, రాసిన వైపు కిందికి పెట్టి, వంటింటి అలమరలో పరిచింది. డబ్బాల కింద నూనె మరకలు పడకుండా బాగానే పనికొచ్చాయి. అప్పటి నుంచి ఆమె రాసినవల్లా సరుకుల చీటీలే.

“కాగితాలు ముక్కలు చేసే మిషన్లుంటాయిగా, ఒకటి చూడు. పగలంతా నీకు ఖాళీయే కదా,” అన్నాడు అతను చేతులు కడుక్కుంటూ.

ఆ ఖాళీలోంచే తీరిక చేసుకుని ఆమె అలాంటి మిషన్లమ్మే షాపుకెళ్లింది.

“సార్ రాలేదామ్మా?” అన్నాడు సేల్సుమన్, ఆమె వెనక్కి చూస్తూ.

“కాగితాలు చింపడానికి సారెందుకు బాబూ? చూపించండి.”

అతను ముందు చవకది చూపించాడు. కాగితాన్ని నిలువుగా పొడుగాటి పట్టీల్లా కోసేది. “ఇళ్లల్లోకి ఇది చాలమ్మా. ఎవడు కూర్చుని అతికిస్తాడు?”

“అయితే మీరే ఏదో ఒకటి రాసి అందులో వేయండి.”

అతను నవ్వి, ఓ కాగితం మీద రెండు లైన్లు గిలికి వేశాడు. ఆమె ఆ పట్టీలన్నీ ఏరి సంచిలో వేసుకుంది. ఇంటికెళ్లి, గిన్నెలు తోమేశాక, బల్ల మీద పరిచింది. కాగితం అంచులు ముందు, సిరా వాలు తర్వాత, తెగిన కొమ్ములు, గుడులు ఆ తర్వాత. పప్పులో రాళ్లేరిన కళ్లకు ఇదొక లెక్క కాదు. గంటన్నరలో అట్టముక్క మీద అంతా అతికింది. మర్నాడు వెళ్లి దాన్ని కౌంటరు మీద పెట్టి చదివింది: “ఈ ఉద్యోగం ఎప్పుడెప్పుడు మానేద్దామా అని ఉంది. మా ఓనరు మహా పిసినారి.”

“మెల్లగా అమ్మా!” సేల్సుమన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అవతలి బల్ల దగ్గరే ఓనరు కూర్చుని ఉన్నాడు. సేల్సుమన్ అట్టముక్కను చొక్కాలో దోపుకుని, లోపల్నుంచి వేరే మిషను మోసుకొచ్చాడు. “ఇది తీసుకోండి. ఇది కోసింది అతికించేవాళ్లుంటే, వాళ్ల కాళ్లకు దండం పెడతాను.”

నిజమే. ఒక్క కాగితం వేస్తే రవ్వ రాలినట్టు రాలింది. ఆమె ఆ రవ్వను అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసింది. ఏ గింజ మీదా ఒక పూర్తి అక్షరం లేదు. వేళ్ల సందుల్లోంచి జారిపోతున్న దాన్ని చూస్తుంటే ఒళ్లు ఎందుకు గగుర్పొడిచిందో అప్పుడు ఆమెకు తెలియలేదు.

మిషను ఇంట్లోకి వచ్చాక, దాంతో వచ్చిన పుస్తకాన్ని భర్త అందరినీ కూర్చోబెట్టి చదివాడు. “నాలుగు నిమిషాలు పనిచేశాక అరగంట విశ్రాంతి ఇవ్వాలట. వేడెక్కితే ఎర్ర లైటు వెలిగి దానంతటదే ఆగిపోతుందట. పచ్చ లైటు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు.”

“పాపం, దాన్ని ఫ్యాను కిందికి జరపండి,” అంది అత్తగారు.

విశ్రాంతి అనే మాట ఈ ఇంట్లోవాళ్లకు ఇంత బాగా తెలుసా అని ఆమె ఆశ్చర్యంగా విన్నది. ఎర్ర లైటు ఎక్కడుంటుందో తెలిస్తే తనూ ఒకటి పెట్టించుకునేదే.

ఇస్త్రీ బల్ల ఉండే చిన్న గదిలో మిషను పెట్టారు. దాని బాగోగులు ఆమెవే అని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. పిన్నులు తీసి, ప్లాస్టిక్ ఉన్న కవర్లు పక్కనపెట్టి, వారానికోసారి ఓ కాగితం మీద వంకర గీతలా నూనె పోసి మింగించేది. దాని పళ్లను కాసేపు వెనక్కి తిప్పేది. కాగితాన్ని కనిపెట్టే దాని కన్నును పొడిగుడ్డతో తుడిచేది. బుట్ట నిండకముందే ఖాళీ చేసేది.

అలాంటి ఒక మధ్యాహ్నం, బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం వెనక వైపు తెల్లగా ఉండటం చూసింది. పెన్ను చేతిలోనే ఉంది. “ఇవాళ నాకు వంట చేయాలని లేదు,” అని రాసింది. రాసి, ఎవరో భుజం మీంచి తొంగిచూసినట్టు ఉలిక్కిపడి, గబుక్కున మిషను నోటికి అందించింది. గుర్రుమంది. మాట రవ్వయింది. ‘వంట’లోని సున్నా ఎక్కడ పడిందో ఇక దేవుడు వెతికినా దొరకదు. ఆమె ఆ బుట్ట ముందు నేల మీద కూర్చుండిపోయింది. తన మాట ఒకటి పుట్టి, ఎవరి చేతిలోనూ పడకుండా, ఎవరి నవ్వులోనూ నలగకుండా, తన కళ్ల ముందే వెళ్లిపోయింది. ఇలా కూడా ఉంటుందా?

మర్నాడు పేజీ రాసింది. ఆ మర్నాడు రెండు వైపులా. రెండు నెలల పాటు అన్నీ ఫిర్యాదులే. తను ఇంట్లో ఉండగానే తలుపు దగ్గర నిలబడి “ఎవరూ లేరా ఇంట్లో?” అనే భర్త గురించి. తను కంచం ముందు కూర్చున్నప్పుడే అందరికీ మంచినీళ్లు గుర్తురావడం గురించి. బ్యాంకు ఫారంలో వృత్తి అన్నచోట ఆగితే, “ఏమీ లేదని కొట్టెయ్, త్వరగా” అన్న మాట గురించి. కూర బాగుంటే కూరగాయలు లేతవనీ, బాగోకపోతే నీ ధ్యాస ఎక్కడుందనీ అనే అత్తగారి గురించి. రాసినకొద్దీ వచ్చాయి. బుట్ట నిండినకొద్దీ భర్త విస్తుపోయాడు. “మన ఇంట్లో ఇన్ని రహస్యాలున్నాయా?”

“బ్యాంకువాళ్లు ఊరికే ఉత్తరాలు పంపిస్తున్నారండీ.”

ఒకరోజు పెన్ను పట్టుకుని కూర్చుంటే ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఆమెకు భయమేసింది. జీవితాంతం రాసినా తరగవనుకుంది. తవ్వి పోస్తే రెండు నెలలకే గొయ్యి ఖాళీ. ఇక తన లోపల ఏమీ లేదా? కూర్చుని చూసింది. గోడ మీద ఎండ జానెడు జరిగింది. అప్పుడు అడుగు నుంచి వేరేవి రావడం మొదలయ్యాయి. ఆ ఎండ రంగు. నీళ్లలో చేతులుంచినప్పుడు వేళ్లు తనవి కానట్టుండటం. ఎప్పుడో బస్సులో పక్కన కూర్చుని, తన భుజం మీద నిద్రపోయి, పేరైనా చెప్పకుండా దిగిపోయిన ఒక ముసలావిడ బరువు. అంత కోపం కింద ఇంత చోటు ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెద్ద ఇంట్లో ఇన్నాళ్లూ వంటింట్లోనే తిరిగినదానికి ఒక తలుపు తీస్తే సముద్రం కనిపించినట్టయింది. రోజూ వెళ్లి దాని ఒడ్డున నిలబడి, వచ్చేటప్పుడు అడుగుల గుర్తులు చెరిపేసి వచ్చేది. ఒక్క పేజీ ఎవరి కంటైనా పడితే ఆ తలుపు మళ్లీ మూసుకుంటుందని ఆమెకు తెలుసు. ఒకసారి మూసుకుంటే పద్దెనిమిదేళ్లు.

ఒక సెలవు రోజున ఆమె పేజీ పూర్తిచేసిందో లేదో బెల్లు మోగింది. ఆడపడుచూ, ఆవిడ భర్తా వచ్చారు. ఆమె కాగితాన్ని బోర్లించి, ముక్కలు చేయాల్సినవి ఉంచే ట్రేలో పెట్టి తలుపు తీయడానికి వెళ్లింది. ఆ తర్వాత టీ, పలకరింపులు, ఇంకో కప్పు టీ. రెండోసారి పాలు పొంగుతుండగా చిన్న గదిలోంచి గుర్రుమన్న చప్పుడు వినిపించింది.

“చూడు బావా, ఇనప కడ్డీ అయినా నమిలేస్తుంది!” భర్త బావగారికి మిషను చూపిస్తున్నాడు. ట్రేలోవి ఒకదాని తర్వాత ఒకటి వేస్తున్నాడు. ఆమె పొయ్యి ఆపి పరుగెత్తింది. నాలుగు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. గుమ్మం దగ్గరికి చేరేసరికి మిషను ఒక మూలుగు మూలిగి ఆగింది. ఎర్ర లైటు. దాని పళ్ల మధ్య ఆమె కాగితం. కింది సగం లోపలికి దిగిపోయింది. పై సగం నిటారుగా నిలబడి ఉంది.

“ఇదేంటి, నీ రాతలా ఉందే?” భర్త వంగి చూశాడు. మొహం వెలిగింది. గొంతు సవరించుకున్నాడు. అదే వార్తల గొంతు. “వినండి వినండి. ‘ఉతికిన దుప్పటి ఆరేస్తుంటే గాలి దాంట్లో దూరి, ఒక్క క్షణం అవతల ఎవరో నిలబడ్డట్టు ఉబ్బింది.’ ఆహా!”

ఆడపడుచు భర్త నవ్వాడు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది.

“‘ఎవరు నువ్వు అని అడగాలనిపించింది. ఇన్నేళ్లుగా దుప్పట్లు ఆరేస్తున్నాను. ఇన్నిసార్లూ తను వచ్చే ఉంటుంది, క్లిప్పులు పెట్టే తొందరలో నేనే చూసి ఉండను.’” రెండో వాక్యానికే వార్తల గొంతు జారిపోయింది. అతను ఇప్పుడు తనకోసం చదువుకుంటున్నట్టు చదివాడు. “‘ఇవాళ చేతులు దించేసి నిలబడ్డాను. గాలి తగ్గలేదు. బట్ట వెనక ఒక భుజం, ఒక మోకాలు. తను నాకంటే పొడుగు. నన్ను చూడగానే తను అన్న మొదటి మాట...’”

అక్కడికి మిషను పళ్లు.

ఎవరూ నవ్వలేదు.

“ఏమంది వదినా?” ఆడపడుచు గొంతు గుసగుసలా ఉంది.

“చెప్పు చెల్లెమ్మా, మధ్యలో ఆపితే ఎలా?” అన్నాడు ఆడపడుచు భర్త.

తన భర్త మాత్రం కాగితం పై నుంచి కిందికి మళ్లీ ఒకసారి చూశాడు. “నా గురించి ఏమీ లేదే!” అన్నాడు. విందుకు పిలిస్తే వెళ్లి, కుర్చీ దొరకనివాడిలా ఉన్నాడు. వెనక్కి తిప్పే బటను నొక్కాడు. మిషను కదల్లేదు.

“అరగంట పడుతుందండీ,” అంది ఆమె.

కూర్చున్నారు. నిజంగానే కూర్చున్నారు. ఇస్త్రీ బల్ల చుట్టూ, స్టూళ్ల మీద, గుమ్మంలో. అత్తగారు కూడా గోడకు ఆనుకుని నిలబడింది. ఆవిడొక్కతే ఏమీ అడగలేదు. ఆమె అందరినీ చూసింది. తన వాక్యం ముందు నలుగురు మనుషులు ఎర్ర లైటు వంక చూస్తూ ఎదురుచూస్తున్నారు. ఇదంతా ఆమెకు నమ్మశక్యంగా లేదు. చెబితే ఈ క్షణం వాళ్లు వింటారు, మెచ్చుకుంటారు కూడా. రేపటి నుంచి “ఇవాళ ఏం రాశావ్?” అని అడుగుతారు. దుప్పటి వెనకామె తనతో అన్న మాట మాత్రం, నలుగురి మధ్య టీ కప్పులతో పాటు తిరగడం మొదలుపెడితే, ఆవిడ మళ్లీ తనతో ఏమీ అనదు.

పచ్చ లైటు వెలిగింది. భర్త వెనక్కి లాగే బటను మీదికి చెయ్యి చాచాడు. ఆమె చెయ్యి ముందు చేరింది. ముందుకు నడిపే బటను నొక్కింది. దుప్పటి, గాలి, భుజం, మోకాలు గుర్రుమంటూ దిగిపోయాయి.

“అయ్యో!” అంది ఆడపడుచు, చేతిలోంచి ఏదో జారి పగిలినట్టు.

“ఏం మనిషివి నువ్వు? మేమంతా అడుగుతుంటే!” భర్త గొంతులో కోపం కంటే దిగ్భ్రమే ఎక్కువ. “అందులో అంత ఏముంది?”

“మీ గురించి ఏమీ లేదండీ,” అంది ఆమె. “టీ మళ్లీ వేడి చేసి తెస్తాను.”

మర్నాడు మధ్యాహ్నం చిన్న గదిలో కూర్చుని చాలాసేపు కాగితం వంక చూసింది. తలుపు మూసుకుపోయిందేమో. పెన్ను ఆనించింది. మొదటి పదం వచ్చింది. దాని వెనకే రెండోది.

“లోపలికి రానా?”

అత్తగారు గుమ్మం బయటే నిలబడి ఉంది. ఈ ఇంట్లో ఆ ప్రశ్న వినడం అదే మొదలు. ఆమె కాగితం బోర్లించి, “రండత్తయ్యా” అంది.

ఆవిడ మిషను చుట్టూ ఒకసారి తిరిగింది. “పిన్నులుండకూడదు కదూ?”

“ఉండకూడదు.”

“నూనె వేశావా?”

“నిన్ననే వేశాను.”

“అందులో పడింది మరి... వాడు కాదు కదా, ఆ భగవంతుడు దిగొచ్చినా చదవలేడు. అంతేనా?”

“అంతే అత్తయ్యా.”

ఆవిడ కొంగుతో కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది. “అయితే నాకో కాగితమియ్యి. ఆ పెన్నూ ఇటియ్యి.”

“ఏం రాస్తారత్తయ్యా?”

“నీకెందుకే?”

ఆమె లేచి కుర్చీ ఇచ్చింది. తన కాగితం మడిచి పట్టుకుని బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, గోడకు ఆనుకుని నిలబడింది. లోపల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత మిషను ఒక్కసారి తిరిగి ఆగింది.

“ఒక్క కాగితం ఏ మూలకీ రాలేదు,” అంది అత్తగారు లోపల్నుంచి. “కట్ట పట్టుకురా.”