ఆక్సిజన్ పెట్టినారంట

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు అవ్వ, చిన్నాయన, చిన్నమ్మ, నేను. ఆక్సిజన్ సిలిండర్‌ని కూడా కలుపుకోమన్నాడు చిన్నాయన.

"ఇంటికి వచ్చినోళ్ళని లెక్కలోంచి తీసేయకూడదు పాపా," అన్నాడు.

అది ఆ పొద్దున్నే మదనపల్లె నుంచి వచ్చింది. ఆసుపత్రులకు సిలిండర్లు చేరవేసే విల్సన్ అనే ఆయన ఆటోలో తెచ్చి, లోపలి గదిలో కిటికీ కమ్మీకి గొలుసుతో కట్టేసి, గాలి విడవడానికి తిప్పే ఇనుపచెవి చిన్నాయన చేతికిచ్చి వెళ్ళాడు. సిలిండర్ ఒళ్ళంతా నలుపు, మెడ మాత్రం తెలుపు. నిప్పు దాని దగ్గరికి రాకూడదని చెబితే చిన్నమ్మ దేవుడి దీపాన్ని వంటింటి గూట్లోకి మార్చింది.

అవ్వ గదిలోకి తొంగి కూడా చూడలేదు. నడవలో ఆ గదికి వీపు పెట్టి కూర్చుని, ఒళ్ళో చింతచిగురు పోసుకుని పుల్లలు ఏరుతోంది. నా వేసవి సెలవులు ఏటా పుంగనూరులో చిన్నాయన ఇంట్లోనే గడిచేవి. అవ్వ అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

చివరికి అంది. "దాన్ని వచ్చిన ఆటోలోనే పంపిచ్చేయాల్సింది మునిరాజా."

"డాక్టరు రాసిచ్చినాడు మా."

"ఏ డాక్టరైనా ఆఖర్న రాసేది అదే గదరా."

"ఇది తలనొప్పికి."

"మీ నాయినకీ మొదట నొప్పేనన్నారు. మూతికి దాన్ని పెట్టినాక ఆయప్ప మళ్ళా మాట్లాడినాడా?" అవ్వ పుల్ల ఒకటి విరిచి పక్కన పడేసింది. "అదైనా ఈడ ఉండాల, నేనైనా ఉండాల. సాయంత్రం కుప్పం బండికి నా కూతురింటికి పోతా."

"ఏ కుప్పం బండికి మా?" అన్నాడు చిన్నాయన. చిన్నమ్మ వంటింట్లోంచి కిసుక్కున నవ్వింది. అవ్వకు మాత్రం నవ్వు రాలేదు.

మా ఇంట్లో రెండు కుప్పం బండ్లు ఉండేవి. ఒకటి నిజం బస్సు. చీకటి పడే ముందు మా వీధి మలుపులో హారన్ కొట్టి పోయేది. రెండోది చిన్నాయన తలలో వచ్చేది. పేరు పెట్టి పిలిస్తే నొప్పి వెంటనే వస్తుందని అవ్వ భయం. అందుకని నోరు జారితే తప్ప ఆ ఇంట్లో ఎవరూ దాన్ని నొప్పి అనేవాళ్ళు కాదు. బస్సు వచ్చే వేళకే అదీ వచ్చేది గనుక దానికి బస్సు పేరే స్థిరపడింది. కొన్నాళ్ళుగా మధ్యాహ్నం పూట కూడా రావడం మొదలుపెడితే దానికి చిన్నమ్మ 'స్పెషల్' అని పేరు పెట్టింది.

ఏటా చింతచిగురు వచ్చే రోజుల్లో మొదలై తొలి వానలు పడేదాకా ఉండేది. ఆ తర్వాత ఏడాదంతా జాడ ఉండదు. అది నాకు పెద్ద వింత. "మిగతా కాలమంతా అది యాడుంటాది చిన్నాయనా?" అని ఒకసారి అడిగాను.

"డిపోలో ఉంటాది," అన్నాడు.

చిన్నాయన బోర్డులు రాసేవాడు. బస్సుల ముందు పెట్టే ఊళ్ళ పేర్లు, అంగళ్ళ పేర్లు, బండ్ల నంబర్లు. రంగు వాసన, టర్పెంటైన్ వాసన తగిలితే నొప్పి వేళ కాని వేళ కూడా వచ్చేస్తుందని, ఆ కాలంలో సుద్దముక్కతో అక్షరాల అంచులు మాత్రం గీసి ఉంచేవాడు. వానలు పడ్డాక రంగు నింపేవాడు. పుంగనూరులో అందరికీ అది తెలుసు. తొందర ఉన్నవాళ్ళు బోలు అక్షరాలతోనే బోర్డులు తీసుకెళ్ళి తగిలించుకునేవాళ్ళు. వేసవిలో బజారు వీధిలో నడుస్తుంటే కొన్ని అంగళ్ళ పేర్లు లోపల ఖాళీగా కనిపించేవి.

అంతకు ముందు ఆయన లారీ తోలేవాడు. టమోటా లోడుతో మద్రాసుకు పోతుండగా ఘాట్ రోడ్డులో నొప్పి వచ్చింది. లారీని పక్కకు ఆపి, రాళ్ళు పెట్టి, వెనక వచ్చిన ఇంకో డ్రైవరుకి తాళాలిచ్చి ఇంటికి వచ్చేశాడు. మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. కుడి కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతుంటే తాగాడనుకున్నారు. పెండ్లినాడు కూడా అట్లాగే కారిందట. ఇష్టం లేక ఏడుస్తున్నాడని చిన్నమ్మ వాళ్ళవైపు గుసగుసలు పోయినాయట. ఆ సంగతి వచ్చినప్పుడల్లా చిన్నమ్మ అనేది, "ఒక కంటితోనే గదా ఏడస్తాండాడు, రెండో కంటికి నేనంటే ఇష్టమే అనుకుని కట్టించుకున్నా."

కుడి కణత మీద గవ్వంత మచ్చ. అది అవ్వ పెట్టించిన వాత. కుడివైపు పైదవడలో రెండు పండ్లు లేవు. నొప్పి పంటిదేనని పీకించారు. "పాపం, వాటికేం తెలీదు. ఊరికే అనుమానపడినాం," అనేవాడు చిన్నాయన, నాలుకతో ఆ ఖాళీని తడుముకుంటూ.

మదనపల్లెకు కొత్తగా వచ్చిన ఒక డాక్టరు మొదటిసారి అడిగాడట, నొప్పి వచ్చినప్పుడు పడుకుంటావా, నడుస్తావా అని. అందరూ చీకట్లో పడుకోమని చెప్పినవాళ్ళే. నడుస్తాను సార్, కూర్చోలేను అని చెబితే ఆ డాక్టరు కుర్చీలో ముందుకు జరిగాడట. టమోటాలు గుత్తులుగా కాసినట్టు ఇది కూడా గుత్తులుగా వచ్చే నొప్పి అని చెప్పి, వచ్చీరాగానే ఆక్సిజన్ పీల్చమన్నాడు.

ఆ మధ్యాహ్నం అరుగు మీద బోర్డు పెట్టుకుని 'మదనపల్లె' అని గీస్తున్నాడు. 'పల్లె' దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. కుడి రెప్ప సగానికి వాలింది. ఆ రెప్ప వాలడం నాకు తెలుసు. ఎప్పుడైనా ఆ తర్వాత జరిగేది ఒక్కటే. లోపలి గదిలోకి పోతాడు, తలుపు వేసుకుంటాడు. అడుగుల చప్పుడు. మధ్యమధ్య గోడకు ఏదో తగిలిన చప్పుడు. ఎవరు పిలిచినా పలకడు. ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో చూడాలని నాకు ఎన్నేళ్ళ నుంచో ఉంది. అడగాలంటే సిగ్గు.

అవ్వ చిగురు కొంగులో పట్టుకునే లేచి పెరట్లోకి పోయింది.

చిన్నమ్మ వచ్చింది. "నీ చేతులు వణకతాయి చెంగమ్మా," అన్నాడు చిన్నాయన. "పాపా, నువ్వు రా."

గదిలో మంచం లేదు. ఒక స్టూలు ఉంది. గచ్చు మధ్యలో ఒక బాట మాత్రం నున్నగా మెరుస్తోంది. ఎదురు గోడకు సున్నం మీద, చిన్నాయన నుదురంత ఎత్తున, జిడ్డు పట్టిన నల్లని మచ్చ ఉంది. ఆ చప్పుడు దేనిదో నాకప్పుడు అర్థమైంది.

ఆయన స్టూలు మీద కూర్చుని మాస్కు మూతికి గట్టిగా అదుముకున్నాడు. నేను ఇనుపచెవి తిప్పాను. మొదట కదల్లేదు. రెండు చేతులూ వేస్తే కదిలింది. గాలి బుస్సుమంది. సిలిండర్ మెడకు తగిలించిన సీసాలో నీళ్ళు ఉడికినట్టు బుడగలు లేచాయి. ఆయన ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. కుడి మోకాలు తనంతట తాను ఎగురుతోంది. ముఖంలో సగానికే చెమట పట్టింది. ఒక్క కన్నే ఎర్రబడింది, ఒకవైపు ముక్కే కారుతోంది. ఎడమ సగం మాత్రం ఎవరికో జరుగుతున్నదాన్ని చూస్తున్నట్టు ఉంది. ఒకే మనిషిలో ఇద్దరు కూర్చున్నట్టనిపించింది నాకు. భయపడాలని కూడా తోచలేదు. చూస్తూ నిలబడ్డాను.

మోకాలు నెమ్మదించింది. తర్వాత ఆగిపోయింది. ఆయన కణత మీదినుంచి చేయి తీసి, ఆ చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

"మలుపు తిరిగింది," అన్నాడు మాస్కులోంచి.

బయటికి వచ్చి అరుగు మీదికి చూశాడు. "ఎండ ఇంకా ఆడనే ఉండాదే," అన్నాడు. మిగిలిన ఆ మధ్యాహ్నాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు కాసేపు నిలబడ్డాడు. తర్వాత అన్నం పెట్టమని చిన్నమ్మని అడిగి వంటింట్లో కూర్చున్నాడు.

ఒక్క పొరపాటు జరిగింది. నేను గది తలుపు వేయలేదు. వీధి తలుపు కూడా తెరిచే ఉంది. ఎదురుగా ఉన్న పంక్చర్ అంగడి ఎల్లప్ప ఏదో పని మీద వచ్చి, గడప దగ్గరినుంచే చిన్నాయన మూతికి మాస్కు చూసి, అడుగు లోపల పెట్టకుండా తిరిగిపోయాడట. మా వైపు 'ఆక్సిజన్ పెట్టినారంట' అంటే మనిషి సంగతి చెప్పినట్టు కాదు. చుట్టాలు ఆఖరి చూపుకి బయల్దేరాలని చెప్పినట్టు.

చిన్నాయన మజ్జిగన్నం కలుపుకునేలోపు అరుగు నిండిపోయింది. ఎవరో ముసలామె "అయ్యో కొడకా, ఆదిలక్ష్మక్కకు ఎంత కష్టం వచ్చెనే" అని అవ్వ పేరు పెట్టి రాగం అందుకుంది.

ఆ రాగం పెరట్లో ఉన్న అవ్వకి వినపడింది. పరుగున వచ్చింది. కొంగులోని చిగురంతా దారి పొడవునా రాలింది. వంటింటి వాకిలి దగ్గరికి వచ్చి, నోట్లో ముద్దతో ఉన్న కొడుకుని చూసి, ద్వారబంధం పట్టుకుని అట్లే నిలబడిపోయింది.

"తిను," అంది చివరికి. "తినేసి లేయ్."

ఆయన అన్నం సగంలో వదిలేసి ఎంగిలి చేత్తో వీధిలోకి పోయాడు. రాగం మధ్యలో తెగింది.

"ఎందుకప్పా అందరూ వచ్చినారు?"

"నువ్వేంది లేసొచ్చినావు?" అన్నాడు ఎల్లప్ప.

"అన్నం తింటా ఉండా."

"ఆక్సిజన్ పెట్టినారు గదా నీకు?"

"పెట్టినారు. అయిపోయింది, తీసేసినారు."

"తీసేసినాక ఎవరైనా అన్నం తింటారా?" ఎల్లప్ప చుట్టూ చూశాడు, తన మాటకు సాక్ష్యం కోసం.

పూలంగడి రామప్ప చేతిలో అరిటాకు పొట్లం ఉంది. చిన్నాయన దానివైపు చూశాడు. రామప్ప పొట్లాన్ని వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇది నీకు కాదులే మునిరాజా. గుడికి."

"మద్యాన్నం పూట ఏ గుడి రామప్పా?"

"తెరిసినాక ఇస్తా."

చిన్నమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. వాళ్ళు ఒక్కొక్కరే లేచి, తమనెవరో మోసం చేసినట్టు ముఖాలు పెట్టుకుని వెళ్ళిపోయారు.

నవ్వనిది అవ్వ ఒక్కటే. "సూసినావా? బతికుండే బిడ్డకి పూలు తెచ్చినారు. ఇప్పుడే పంపీ దాన్ని. సాయంత్రం నేను పోయేదాకా కూడా వద్దు."

చిన్నాయన చెంబు నీళ్ళతో చేయి కడుక్కుని ఆమె ముందు కూర్చున్నాడు. "అమ్మా, వాత పెట్టిస్తే పెట్టించుకున్నా. పండ్లు పీకిస్తే పీకించుకున్నా. ముక్కులో ఏ ఆకు పసరు పోసినా వద్దన్నానా? ఇన్నేండ్లలో ఆ గదిలోంచి ఎండ ఉండంగా బయటికి వచ్చింది ఈ పొద్దే మా. నాకింకేం వద్దు. ఇదొక్కటి ఉండనీ."

అవ్వ నేల చూసింది. రాలిన చిగురులోంచి ఒక ఆకు తీసి వేళ్ళ మధ్య నలిపింది.

"అయితే ముందు నాకు పెట్టు."

"నీకు నొప్పి లేదు గదమ్మా."

"నాకు లేదని నీకెట్ల తెలుసు?" అని లేచి తానే గదిలోకి నడిచింది. "తీసకపోయేదైతే నన్ను తీసకపోనీ. తిప్పు పాపా."

స్టూలు మీద నిటారుగా కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకుంది. చిన్నాయన మాస్కు పెట్టాడు. ఆమె ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుంది. గాజులు గుచ్చుకునేటంత గట్టిగా. గాలి బుస్సుమంది. అవ్వ ఊపిరి బిగబట్టింది. ఎంతసేపని బిగబడుతుంది, చివరికి పీల్చింది. మళ్ళీ పీల్చింది. తర్వాత ఒక కన్ను తెరిచి నన్ను చూసింది.

"వట్టి గాలే గదరా ఇది."

"గాలేనమ్మా."

"సల్లగా ఉండాది."

తీసేస్తుందనుకున్నాం. తీయలేదు. నా మణికట్టు వదిలి, మాస్కుని తన చేత్తోనే పట్టుకుని ఇంకొంచెంసేపు పీల్చింది. "మీ నాయినకీ ఇట్లే సల్లగా ఉండిందంటావా మునిరాజా?" అంది.

చిన్నాయన సీసాలో బుడగల వైపు చూశాడు. "ఉండింటాది మా," అన్నాడు.

ఆమె మాస్కు తీసి, చంటిబిడ్డ మూతి తుడిచినట్టు దాని లోపలంతా కొంగుతో తుడిచి కొడుకు చేతికిచ్చింది. ఉండమనీ అనలేదు, పంపమనీ అనలేదు. తన బట్టల సంచి తెచ్చుకుని నడవలో కూర్చుంది.

పొద్దు వాలింది. మలుపులో కుప్పం బండి హారన్ వినపడింది. చిన్నాయన రెప్ప వాలింది. ఆయన గదిలోకి పోతుంటే నేను ఇనుపచెవి పట్టుకుని వెనకే లేచాను. అవ్వ కూడా లేచింది. బస్సుకేననుకున్నాను. సంచి అక్కడే వదిలేసి నా దగ్గరికి వచ్చి నా చేతిలోంచి ఇనుపచెవి తీసుకుంది.

"ఎటు తిప్పాల?"

"ఎడమకి అవ్వా."

"వాని మొగం నువ్వు సూడాల్సిన పనిలేదు. నేను సూస్తా. బయటుండు." కొడుకు వెంట లోపలికి పోయి, నా ముఖం మీదే తలుపు వేసింది. లోపల గడియ పడింది.

అవ్వని ఎరిగిన కండక్టరు వీధిలోంచి అరిచాడు, "అవ్వా, కుప్పమా?" నేను గడప దాకా వెళ్ళి తల అడ్డంగా ఊపాను. బస్సు పోయింది.

తలుపుకి చెవి ఆనించాను. అడుగుల చప్పుడు లేదు. గోడ చప్పుడు లేదు. గాలి బుస, దాని మధ్యలో అవ్వ గొంతు. ఏమంటోందో ఎంత విన్నా తెలియలేదు. వచ్చి అరుగు మీద కూర్చున్నాను. అక్కడ అరిటాకు పొట్లం ఒకటి ఉండిపోయింది. విప్పి చూస్తే బంతిపూల మాల, చల్లిన నీళ్ళు ఇంకా ఆరలేదు.