ముట్టొద్దన్న కడుపు

ప్రసూన ఒంటిచేత్తో కూతురికి నీళ్లు పోస్తోంది. రెండో చెయ్యి ఆరాధన ఎడమ డొక్కకు అడ్డం పెట్టింది, చెంబు అంచు కూడా తగలకుండా. మధ్యాహ్నం బోనకల్‌లో రైలెక్కాలి. ఎల్లుండి హైదరాబాదులో ఆపరేషన్. వరండా నిండా పిల్లను చూడవచ్చిన చుట్టాలు, పొద్దుట్నుంచి రెండుసార్లు చాయ్ పెట్టింది. తాగి ఊరుకుంటారా? "ఏదీ, గడ్డ ఎంతుంది?" అంటూ పొట్ట మీద చెయ్యేస్తారు. మనిషికో నొక్కు! ఇదేమన్నా సంతలో దోసకాయా?

ఆ గడ్డ మొదట తన చేతికి తగిలిందీ ఇట్లా నీళ్లు పోస్తుంటేనే. చెబితే అత్త అంతోనమ్మ "కడుపుల బల్ల పెరిగింది, పిల్లలకు వచ్చే రోగమే, నువ్వూకో. నలుగుర్ని పెంచిన నేను" అని ఆముదం వెచ్చజేసి పదకొండు రోజులు రుద్దింది. వద్దని అడ్డం పోతే "వచ్చిందమ్మా డాక్టరమ్మ!" అని మొగుడు సుకుమార్ నవ్వాడు. అది కిడ్నీకి లేచిన క్యాన్సర్ గడ్డ, నొక్కితే లోపలే చిట్లిపోవచ్చని దవాఖానాలో చెప్పిన రోజు తల్లీకొడుకులు నేలచూపులు చూశారు. ఒక్కమాటంటే ఒక్కమాట, తప్పయిందని అన్లేదు. ప్రసూనకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు సుకుమార్‌ది కొత్త పట్టు. బాత్రూం తలుపు దగ్గరికొచ్చి మళ్లీ మొదలుపెట్టాడు.

"బెజ్జాలతోటే తియ్యమని చెప్పు. ఫోన్ల చూసిన, మూడు చిన్న బెజ్జాలు, అంతే. ఆడపిల్లనాయె. గంత కోత చూస్తే రేపు ఎవడు చేసుకుంటడు?"

అయిదేళ్ల పిల్ల! మందులకు జుట్టంతా రాలి గుండుతో కూర్చున్న పిల్ల! పోయిన వారం డాక్టరు విడమర్చే చెప్పాడు. బెజ్జాలతో కొందరు పిల్లలకు తీస్తాం, ఈ గడ్డ మందులకు తగ్గినా ఇంకా పెద్దదే, తీసేటప్పుడు పగిలితే కడుపంతా పాకుతుంది, కోసి తీయడమే క్షేమం అన్నాడు. ఆ మాటలు వినాల్సిన తండ్రి, భయమైతుందని గేటు దగ్గరే నిలబడ్డాడు. తల్లి సంతకం చాలన్నారు.

ప్రసూన పిల్ల గుండు మెల్లగా తుడిచింది.

"కోసే తియ్యమని పోయిన వారమే సంతకం పెట్టొచ్చిన."

వరండాలో చుట్టాలు ఇటు తిరిగి చూశారు. అంతోనమ్మ గ్లాసు కింద పెట్టింది.

"నన్నొక్కమాట అడగకుండనా?" సుకుమార్ గొంతు లేచింది.

ప్రసూన బిడ్డకు తువ్వాలు వదులుగా చుట్టి, అతనికేసీ అత్తకేసీ తిన్నగా చూసింది.

"ఆ పదకొండు రోజులు, నన్నడిగే రుద్దిండ్రా?"