టెక్సాస్‌కు పోవలసిన గోంగూర

సముద్రం దాటిన మనవాడు మన సరుకుకూ దారి వేస్తాడని ఒక నమ్మకం ఉంది. సభల్లో శాలువాలు కప్పేవారుగానీ కప్పించుకునేవారుగానీ దాన్ని ఎన్నడూ పరీక్షకు పెట్టలేదు. ఆ పని మొయినాబాద్ అవతల రెండెకరాల చెలక కౌలుకు చేసే ప్రేమ్ కుమార్ నెత్తిన పడింది.

భూమి రామలింగేశ్వరరావుది. తొంభైలలో గుంటూరు నుంచి వచ్చి, సాఫ్ట్‌వేర్‌లో సంపాదించి, ముదిమిలో కాలక్షేపానికి రైతుతనం కొనుక్కున్న మనిషి. టెక్సాస్‌లో ఒక తెలుగు సంఘానికి అధ్యక్షుడైన హేమచంద్ ఆయన తోడల్లుడు. అక్కడి మనవాళ్ల దుకాణాలకు గోంగూర ఇక్కడి నుంచే పోతుందనీ, శీతల గిడ్డంగికి సంఘమే పెట్టుబడి పెడుతుందనీ, ఆర్డరు ఖాయమైతే కౌలు మరో అయిదేళ్లు పొడిగిస్తాననీ రావు మాట ఇచ్చాడు. ప్రేమ్ కుమార్ టమాట మానేశాడు. తన తాతలు పుంటికూర అని పిలిచిన ఆ ఆకునే చెలకంతా వేశాడు.

సంఘం వారు డిసెంబరులో దిగారు. హేమచంద్ కారు దిగీ దిగగానే చెప్పులు విప్పి, మడి గట్టున వంగి, పిడికెడు మట్టి తీసి కళ్లకద్దుకుని నుదుట పూసుకున్నాడు. వెంట వచ్చినవారు ఫోటోలు తీసి, వంతులవారీగా తామూ పూసుకున్నారు. అది పొద్దున చల్లిన కోళ్లఫారం ఎరువు. ప్రేమ్ కుమార్ చెప్పబోతే భార్య జెన్నీ మోచేత్తో పొడిచింది.

"ఊకోరాదు. భక్తిల ఉన్నరు."

కడుక్కున్నాక భోజనాలు. పచ్చడి మళ్లీ మళ్లీ అడిగి వడ్డించుకున్నారు. మాతృభూమి రుచి మీద హేమచంద్ చేసిన ప్రసంగం విస్తరి కంటే పెద్దది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. దేశభక్తి వాటాను మిరపకాయ వాటా నుంచి వేరు చేసే సాధనం ఇంకా కనిపెట్టలేదు. ప్రేమ్ కుమార్ ఆయన చేతులు తుడుచుకునేదాకా ఆగాడు.

"సార్, ఆర్డర్ సంగతి జర చెప్పుండ్రి. ఆకు కోతకొచ్చింది. ముదిరితే ఎవ్వడు కొనడు."

"గోంగూరా? అక్కడ మెక్సికో నుంచి ఫ్రెష్‌గా వస్తుందయ్యా, చవక. విమానంలో ఆకు తెప్పిస్తే మావాళ్లెవరు కొంటారు?"

"మరి గిప్పుడు మీరు తిన్నది?"

"అది సెంటిమెంటు."

ఆ మాటతో గోంగూర ప్రస్తావన ముగించి హేమచంద్ తోడల్లుడి వైపు తిరిగాడు.

"అన్నయ్యా, ఇక్కడికి ఔటర్ రింగ్ రోడ్డు ఎంత దూరం?"

విదేశీ పౌరుడు వ్యవసాయ భూమి కొనరాదు కనుక, హేమచంద్ రావుకు డబ్బిచ్చి తీసుకున్న రెండెకరాలూ తోడల్లుళ్లిద్దరికీ అత్తగారైన సుబ్బులు పేర రిజిస్టరయ్యాయి. మాతృభూమిలో పెట్టుబడి పెట్టినందుకు సంఘం హేమచంద్‌కు శాలువా కప్పింది. ముదిరిన ఆకును గొర్రెలు మేశాయి. కౌలు పొడిగించలేదు. ప్రేమ్ కుమార్ చేవెళ్ల దగ్గర వేరే చెలక పట్టి టమాట వేశాడు. టెక్సాస్‌కు ఒక్క కట్ట కూడా పోలేదు.