నల్లకాగితంలో ఆకుపచ్చ సూది

మా చెల్లెలు రసాయన శాస్త్రవేత్త. నేను వడ్రంగిని. ఆమె చదువు ఆమెది, నా ఉలి నాది. లవణాలు కరిగించి స్ఫటికాలు పెంచడం, వాటి లోపల పరమాణువులు ఏ వరసలో కూర్చున్నాయో ఎక్స్‌రేతో కనిపెట్టడం ఆమె పని. "మీ చెల్లెలు జీవితమంతా ఉప్పు వండుతూనే ఉంది, కూరలోకి చిటికెడు రాలింది లేదు" అని వీధిలో నవ్వేవారు. నేను మాటకారిని కాను; ఉలి ఆడించుకునేవాణ్ణి.

వయసులో ఉండగా ఒక స్ఫటికం పండించింది. నన్ను ప్రయోగశాలకి పిలిచి చూపించింది. సూదిలా సన్నగా, లేతాకు రంగులో ఉంది. "ఇలాంటి అమరిక ఇదివరకు ఎవరూ చూడలేదన్నయ్యా" అంది. పత్రికలో రాసింది. పేరొచ్చింది.

ఆ తర్వాత అది మళ్ళీ రాలేదు. అదే ద్రావణం, అదే వేడి. ప్రతిసారీ తెల్లటి మరో రకమే వచ్చేది. తెల్లరకం ఒకసారి పుట్టిందంటే దాని నలుసులు గదంతా చేరతాయట. ఇక పచ్చదాన్ని పుట్టనివ్వవట. వేరే ఊళ్ళవాళ్ళూ ప్రయత్నించారు. రాలేదు. అప్పట్లో తీసిన ఎక్స్‌రే ఫిలిం మసకగా ఉంది. "అసలు ఉండేదా అది?" అని ఒక పెద్దమనిషి నిండు సభలో మొహం మీదే అడిగాడు.

ఒక్క సూది మిగిలింది. గాజుగొట్టంలో వేసి మూతి కరిగించి మూసేసింది. వెలుతురు పడకూడదని నల్లకాగితం చుట్టింది. నాచేత టేకుపెట్టె చేయించుకుని బీరువాలో దాచింది.

తర్వాత కొత్త యంత్రం వచ్చింది. దాన్ని నడిపేది ఆమె శిష్యురాలే. ఇంటికొచ్చి బతిమాలేది.

"నలుసంత చాలు మేడమ్. ఒక్క పూట పని. అందరి నోళ్ళూ మూయించేద్దాం."

"గొట్టం పగలగొట్టాలిగా. గాలి తగిలి పోతే?"

"పోకముందే చూసేస్తాం."

"వచ్చే నెల చూద్దాంలే."

ఆ వచ్చే నెల ఏళ్ళ తరబడి రాలేదు.

చివరికి చెల్లెలు మంచం పట్టింది. డాక్టరు నన్ను గది బయటికి పిలిచి మాట్లాడాడు. ఆమెకి చెప్పకుండానే తెలిసింది. "పెట్టె తీసుకెళ్ళన్నయ్యా. నేనుండగానే తేలిపోవాలి" అంది.

బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను. "ఏముంది పెద్దాయనా, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నారు?" అన్నాడు పక్కాయన. కిటికీ వైపు తిరిగాను.

శిష్యురాలు నల్లకాగితం విప్పింది. సూది సూదిలాగే ఉంది. తెల్లగా ఉంది.

తెలిసిన తెల్లరకాన్ని పోల్చడానికైతే గాజు అడ్డం కాదట; గొట్టంతోనే యంత్రంలో పెట్టి చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"నేను బస్సులో కుదిపేశానా అమ్మా?"

"కాదు బాబాయిగారూ. ఇంతగా తెల్లబడాలంటే ఏళ్ళు పడుతుంది. పైరూపం పచ్చదానిదే. లోపలంతా తెల్లరకమే, పొడిపొడిగా."

"ఆ రూపం సాక్ష్యం కాదా?"

"నాకు సాక్ష్యమే. వాళ్ళకి సరిపోదు."

ఇంటికొచ్చాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు; నిజం చెప్పడమూ అంతంతమాత్రమే. గొట్టం చెల్లెలి చేతిలో పెట్టాను. వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఎప్పుడో పోయిందా?"

"ఊఁ."

"అంటే ఇన్నేళ్ళూ నేను కాపలా కాసింది..." అని ఆగింది. గొట్టం అటూ ఇటూ తిప్పి చూస్తూ, "ఆ పిల్ల అడిగినప్పుడే ఇచ్చి ఉంటే దొరికేదేమో" అంది.

నేను దుప్పటి సర్దాను.

"నువ్వు చూశావుగా అన్నయ్యా? పచ్చగానే ఉండేదిగా?"

"చూశాను. లేతాకు రంగు."

నవ్వింది. "మూడో తరగతితో బడి మానేసినవాడి సాక్ష్యం చెల్లదంటారేమో."

"చెల్లకపోతే పోనీ. చూశాను."

"అబ్బో, ఇవాళ మా అన్నయ్య ఉపన్యాసమే ఇచ్చాడు" అని, గొట్టం గుప్పిట్లో పెట్టుకునే కళ్ళు మూసుకుంది.

వారం తిరక్కుండానే పోయింది. సంతాప సభలో పెద్దలు ఆమె చేసిన మిగతా పనులన్నీ పొగిడారు. పచ్చదాని మాట ఎవరూ ఎత్తలేదు. చివర్లో నన్నూ రెండు ముక్కలు చెప్పమన్నారు. లేచాను.

"అది ఉండేది. నేను చూశాను" అని కూర్చున్నాను.

నేను దేని గురించి అంటున్నానో వాళ్ళకి తెలియలేదు. శిష్యురాలొక్కతే తల దించుకుంది.