నాగమల్లేశ్వరి ఫోను నిండిపోయింది

ఆ ఏడు మిరపకోతలు మొదలయ్యేనాటికి నాగమల్లేశ్వరికి లోకంలో ఇద్దరే శత్రువులు. ఒకటి తన ఫోను, రెండోది ప్రసన్నలక్ష్మి. ఫోనును నలుగురి ముందూ తిట్టేది. ప్రసన్నలక్ష్మిని ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని తిట్టేది.

గురజాల చుట్టుపక్కల ఇప్పుడు కూలీల కోసం రైతులెవరూ ఇళ్ళ చుట్టూ తిరగడం లేదు. రైతులూ, ఆడకూలీల ముఠాలు నడిపే మేస్త్రులూ కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. సాయంత్రం రైతు అందులో తన గొంతుతో ఒక మాట వదులుతాడు, రేపు నా చేలో కోత, ఇంతమంది కావాలి అని. ముందు పలికిన ముఠాకే ఆ చేను. నాగమల్లేశ్వరి ఫోనులో ఆ మాట వినాలంటే ముందు తెర వెలగాలి. వెలిగాక వాట్సాప్ తెరుచుకోవాలి. తెరుచుకున్నాక ఒక సున్నా తిరిగి తిరిగి దానికే విసుగు పుట్టాలి. ఆలోగా ప్రసన్నలక్ష్మి గొంతు "మేమొస్తన్నాం బాబాయ్" అని తీరిగ్గా పలికేసి ఉండేది.

ప్రసన్నలక్ష్మి పరాయి మనిషేం కాదు. అదే బజార్లో నాలుగిళ్ళ అవతల కాపురం. నడికుడి రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగి, పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో ఆ పిల్లకు మిరపచెట్టు ఏ పక్కనుంచి పట్టుకోవాలో కూడా తెలియదు. నాగమల్లేశ్వరే తన ముఠాలో చేర్చుకుని, తన పక్క మొక్కల సాలు ఇచ్చి, కొమ్మ విరగకుండా తొడిమతో కాయ తుంచడం నేర్పింది. నేర్చుకున్న పిల్ల నేర్చుకున్నట్టు ఉండక, రెండేళ్ళు తిరిగేసరికి సొంత ముఠా కట్టింది. మొగుడు శివనాగరాజుకు ఆటో ఉంది. చేతిలో మంచి ఫోను ఉంది. పైగా నలుగురితో నవ్వుతూ మాట్లాడుతుంది. ఇది మాత్రం నాగమల్లేశ్వరి ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆటో ఉందనీ, ఫోనుందనీ మాత్రమే అనేది.

తన ముఠాలోంచి ఒక్కొక్కరే అటు జారుకున్నారు. మిగిలిన వాళ్ళలో పెద్దది చెన్నమ్మ. ఆమె ఎటుంటే మిగతా వాళ్ళూ అటే. ఇప్పుడు బాబూరావు చేను రెండో కోతకొచ్చింది. ఊళ్ళో పెద్ద చేను, ముఠా మొత్తానికి వారం పైన పని. అది దక్కితే చెన్నమ్మ ఉంటుంది, చెన్నమ్మ ఉంటే ముఠా ఉంటుంది. లేకపోతే ఇన్నేళ్ళ మేస్త్రీ పెత్తనం ఈ కోతలతో సరి.

"బాబూరావు చేను మనదేనే చెన్నమ్మా, చూస్తా ఉండు" అంది నాగమల్లేశ్వరి.

"చూద్దాంలే అక్కా" అంది చెన్నమ్మ.

నాగమల్లేశ్వరి దాన్ని సరే అన్నట్టే లెక్క వేసుకుంది. నేరుగా బాబూరావు ఇంటికే వెళ్ళి చేను తనకే ఇమ్మని అడిగింది కూడా. బాబూరావు సర్పంచి పదవి మీద కన్నేసి ఉన్నాడు. ఏ ఇంటికీ చెడ్డ కాదల్చుకోలేదు.

"రేపు సాయంత్రం గ్రూపులో పెడతానమ్మా. ముందెవరు పలికితే వాళ్ళు. నాకు మొగమాటాలు పెట్టబాకండి" అన్నాడు.

అంటే అంతా ఫోను మీదే ఉంది. ఫోను వేడెక్కితే నిదానిస్తుందని ఎవరో అన్నది గుర్తొచ్చి, ఆ పూట దాన్ని తడిగుడ్డలో చుట్టి మంచినీళ్ళ కుండ పక్కన పడుకోబెట్టింది. క్వారీ నుంచి వచ్చిన మొగుడు పిచ్చియ్య నీళ్ళు ముంచుకోబోయి అది చూశాడు.

"ఏందే, ఫోనుకు జొరమొచ్చిందా?" అన్నాడు.

"నా కడుపుమంట నీకు ఎకసెక్కంగా ఉందా?" అని ఆమె ఆ కోపమూ అతని మీదే తీర్చుకుంది. తడిగుడ్డకు ఫోను చల్లబడింది గానీ చురుకు మాత్రం రాలేదు.

మర్నాడు కోత లేదు. పొద్దున్నే గురజాల వెళ్ళి, బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే ఖాదర్ వలి కొట్టు మెట్లెక్కింది. అతను ఫోను తీసుకుని నాలుగుసార్లు అటూ ఇటూ తోసి చూశాడు.

"దీనికి రోగమేం లేదమ్మా. నిండిపోయింది. ఊపిరాడక కొట్టుకుంటంది. అడ్డమైన ఫొటోలూ వీడియోలూ తీసేస్తే పరిగెత్తుద్ది. ఏయి ఉంచాల్నో, ఏయి తియ్యాల్నో చెప్పు, తీసేస్తా" అంటూ గ్యాలరీ తెరవబోయాడు.

నాగమల్లేశ్వరి చటుక్కున ఫోను లాగేసుకుంది. "నేను తీసుకుంటాలే అన్నా" అని గబగబా మెట్లు దిగింది. ఖాదర్ వలి తెల్లబోయి చూశాడు.

ఆ గ్యాలరీలో ఏముందో ఆమె ఒక్కదానికే తెలుసు. ప్రసన్నలక్ష్మి రోజూ సాయంత్రం స్టేటస్ పెట్టేది. ఇవాళ ఫలానా చేలో, ఇదిగో మా ముఠా, ఇదిగో మా ఆటో, అని. నాగమల్లేశ్వరి అన్నం కంచం పక్కన పెట్టుకుని మరీ అది చూసేది. చూసి ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. స్టేటస్ మర్నాటికి మాయమైపోతుంది. ఇంత కుళ్ళుకోవాల్సిన సంగతి ఒక్క రోజులో మాయమైపోవడం ఆమెకు నచ్చలేదు. దేవుడి పాటలు దాచుకుంటానని అబద్ధం చెప్పి, స్టేటస్‌లు దింపుకునే యాప్ కోడలి చేత వేయించుకుంది. ఇక అప్పటినుంచి ప్రసన్నలక్ష్మి పెట్టింది పెట్టినట్టు దింపుకునేది. రెండు వేళ్ళతో సాగదీసి, ఎవరెవరు వెళ్ళారు, ఎవరి చీర కొత్తది, తన ముఠా మనిషి ఎవరైనా అందులో కనపడుతుందా అని వెతికేది. కనపడితే ఆ పూట అన్నం సహించేది కాదు. కనపడకపోయినా సహించేది కాదు.

బస్టాండు సిమెంటు బల్ల మీద కూర్చుని తనే తీసేద్దామని గ్యాలరీ తెరిచింది. మొదటి ఫొటోనే తెర నిండా పరుచుకుంది. ఆటోకు ఆనుకుని, కోటప్పకొండ తిరునాళ్ళకు కట్టిన ఎర్రచీరలో ప్రసన్నలక్ష్మి. అంతే, ఫోను కొయ్యబారిపోయింది. పక్కకు తోస్తే కదలదు. వెనక్కు పోదు. మీట నొక్కితే ఆరదు. ప్రసన్నలక్ష్మి మాత్రం ఆమె అరచేతిలోంచి ఆమెకేసే చూస్తూ నవ్వుతోంది.

"ఏందొదినా, ఎండలో కూచున్నావ్?"

తలెత్తితే ఎదురుగా ప్రసన్నలక్ష్మే. చేతిలో కూరగాయల సంచి ఉంది. నాగమల్లేశ్వరి ఫోను చప్పున పైటచెంగు కింద పెట్టింది.

"ఏం లా. ఊరకనే" అంది.

"ఫోను మళ్ళీ మొరాయించిందా? ఇటియ్యి, నేను చూస్తా."

"వొద్దులే. అదే సర్దుకుంటది."

"సాయంత్రం బాబూరావన్న మెసేజ్ పెడతాడు గదొదినా. అప్పుడు గూడా ఇట్టానే ఉంటే ఎట్టా?" అంటూ ప్రసన్నలక్ష్మి పక్కన కూర్చుంది.

నాగమల్లేశ్వరికి ఒళ్ళు భగ్గుమంది. పోటీకొచ్చే మనిషే దగ్గర కూర్చుని జాలిపడుతోంది. ఇంతకన్నా గర్వం ఉంటుందా? కానీ బాబూరావు పేరు వినేసరికి సాయంత్రం కళ్ళ ముందు ఆడింది. ఆరని ఫోనుతో ఇంటికి వెళ్తే చేను పోయినట్టే. ఖాదర్ వలి దగ్గరికి మళ్ళీ వెళ్దామా అంటే మగమనిషి ముందు ఈ ఫొటోతో ఎలా నిలబడాలి? అలా ఊగిసలాడుతుండగానే ప్రసన్నలక్ష్మి చెయ్యి పైటచెంగు కిందికి వచ్చి ఫోను తీసుకుంది.

తీసుకున్న మనిషి తెర చూసి ఆగిపోయింది.

"ఇది నేను గదా?" అంది.

నాగమల్లేశ్వరి ఎదురుగా ఉన్న మాచర్ల బస్సు బోర్డు చదువుతున్నట్టు నటించింది. ప్రసన్నలక్ష్మి రెండు మీటలు కలిపి గట్టిగా పట్టుకుంది. ఫోను చచ్చి, మళ్ళీ బతికింది. గ్యాలరీ తెరిచింది. ఒకటి తోసింది, రెండు తోసింది, వేలు గబగబా కిందికి లాగింది. ఎంత లాగినా తనే. తన ఆటో, తన ముఠా, పాటలు పెట్టిన తన వీడియోలు, నిరుటి తన పెళ్ళిరోజు కేకు. ఎక్కడో అడుగున పిచ్చియ్య ఆధార్ కార్డు ఫొటో ఒకటి ఉంది.

"ఇయ్యన్నీ ఎందుకొదినా?" అని మెల్లగా అడిగింది.

అబద్ధం చెప్పొచ్చు. నాగమల్లేశ్వరికి అబద్ధాలు రాక కాదు. కానీ అంత పెద్ద గుట్టకు సరిపడా అబద్ధం ఆ క్షణాన నోటికి అందలేదు.

"ఓర్చుకోలేక" అంది. "నా కాడ కాయ కొయ్యటం నేర్చుకున్నదానివి. ఇయ్యాల నా మనుషుల్నే ఆటోలో ఎక్కించుకుని పోతావుంటే చూడలేక. చూడకుండానూ ఉండలేక."

ప్రసన్నలక్ష్మి నవ్వలేదు. కోప్పడలేదు.

"తీసెయ్యనా, ఉంచనా?" అంది.

"తీసెయ్."

తీస్తుంటే ఒక్కొక్క గుత్తి తెర మీదికొచ్చి పోతోంది. ఇన్నాళ్ళూ నాగమల్లేశ్వరి వాటిని ఒక్కొక్కటే సాగదీసి, ఒక్కొక్క మొహమే వెతుక్కుంది. ఇప్పుడు వరసపెట్టి వెళ్తుంటే వేరే సంగతి కళ్ళబడింది. అన్నింట్లోనూ ఆడవాళ్ళు నవ్వుతున్నారు. ఎండకు నల్లబడ్డ మొహాలు, తలకు తువ్వాళ్ళు, చీర మీద మొగుళ్ళ పాత చొక్కాలు, అయినా ఫొటో తీసే మనిషి వైపు తిరిగి నోరారా నవ్వుతున్నారు. తన ముఠాలో ఉన్నప్పుడు వాళ్ళెవరూ ఎప్పుడూ అలా నవ్విన గుర్తు లేదు. తను గట్టు మీద నిలబడి, కాయ వదిలేశావేమే, కొమ్మ విరిచావేమే అని అరుస్తుంటే వాళ్ళు తల దించుకుని కోసేవాళ్ళు. కొమ్మ విరగకపోతే చాలు అనుకునేది తను. ఆటో మీదా ఫోను మీదా పడిన అసూయ అంతా ఒక్కసారిగా ఆ నవ్వుల మీదికి మళ్ళింది. ఇది మరీ మండింది.

యాప్ కూడా తీసేసి ప్రసన్నలక్ష్మి ఫోను చేతిలో పెట్టింది. "ఇంక పరిగెత్తుద్ది" అని సంచి తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం దీపాల వేళకు గ్రూపులో బాబూరావు గొంతు పలికింది. నాగమల్లేశ్వరి ఫోను తాకీ తాకకముందే తెరుచుకుంది. "మేం వస్తన్నాం బాబూరావన్నా, నాగమల్లేశ్వరి ముఠా" అని అరిచినంత పని చేసింది. ఎవరూ ముందు పలకలేదు. ప్రసన్నలక్ష్మి అసలు పలకనే లేదు. "సరేనమ్మా, చేను మీదే. పొద్దున్నే దిగండి" అని బాబూరావు జవాబు పెట్టాడు.

ఆమెకు గాల్లో తేలినట్టయింది. పిచ్చియ్యకు ఆ జవాబు వినిపించి, చూశావా అన్నట్టు కళ్ళెగరేసి, చెన్నమ్మకు ఫోను చేసింది.

"చేను కొట్టానే! రేపు పొద్దున్నే అందర్నీ లేపుకుని రా."

అవతల చెన్నమ్మ నిదానంగా అంది. "రాలేమక్కా. ప్రసన్న ముఠాలో చేరతామని పొద్దున్నే చెప్పేశాం."

"పనుండగా? ఎదురుగుండా బాబూరావు చేనుండగానా?"

"పని లేక కాదక్కా. చేనెవరిదైనా కోసేది మేమేగా. దినమంతా నీ నోరు వినలేకపోతన్నాం. ఏమనుకోబాక."

ముఠాలోనే ఉన్న తిరపతమ్మకు చేసింది. అదే మాట. ఇంకో ఇద్దరికి చేసింది. ఒకామె ఎత్తలేదు, ఇంకో ఆమె మొగుడు ఎత్తి ఇంట్లో లేదన్నాడు. ఫోను మాత్రం నొక్కగానే మోగుతోంది. ఇన్నేళ్ళూ చేను పోయినప్పుడల్లా ఫోనును తిట్టింది. ఇప్పుడు దాన్ని ఏమనడానికీ లేదు. పొద్దున్నకు మనుషులు దిగకపోతే బాబూరావు గ్రూపులోనే కడిగేస్తాడు. ఆ తర్వాత ఏ రైతూ పిలవడు.

పిచ్చియ్య మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. ఆమె వాకిట్లోకి వెళ్ళి, నాలుగిళ్ళ అవతల వెలుగుతున్న దీపం కేసి కాసేపు చూసింది. నడిచి వెళ్ళే మొహం లేక ఫోను చేసింది.

"చెప్పొదినా" అంది ప్రసన్నలక్ష్మి.

"చేను నాకొచ్చింది" అంది నాగమల్లేశ్వరి. "మనుషులు నీ కాడున్నారు."

"తెలుసొదినా. బాబూరావన్న మాట పెట్టగానే విన్నా. నువ్వు పలికిందాకా ఆగా."

"ఎందుకాగావ్?"

"చెన్నమ్మక్క వాళ్ళొచ్చి చేరతామన్న సంగతి బస్టాండులో నీకు చెప్పలేకపోయా. చేనన్నా నీకు రానిద్దామని." మళ్ళీ తనే అంది. "పొద్దున అందర్నీ ఆటోలో తోలుకొస్తా. రైతు దగ్గర మేస్త్రివి నువ్వే. కాకపోతే గట్టు మీద నిలబడబాకొదినా. నా పక్క సాలు పట్టుకో. కలిసి కోద్దాం."

నాగమల్లేశ్వరి "వస్తా" అని పెట్టేసింది. చేను నిలబడింది, పరువు నిలబడింది, పొద్దున్న పనికి మనుషులున్నారు. అయినా వాకిట్లో నిలబడి కుతకుతలాడిపోయింది. ప్రసన్నలక్ష్మి ఒక్క మాట దెప్పి ఉంటే ఎంత బాగుండేది, రేపు పక్క సాలులో వంగి కోస్తూ దాన్ని హాయిగా తిట్టుకునేది. ఆ ఒక్క సుఖం కూడా మిగల్చలేదు మహాతల్లి.