బీరువాలో దుర్భిణీ

నేను రెండు గొట్టాల దుర్భిణీని. దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించడం నా పని. ఆ పని చెయ్యనివ్వకుండా నన్ను పట్టుచీరల కింద, కలరా ఉండల మధ్య కుక్కిపెట్టిన మనుషుల సంగతి చెప్పాలి. చెప్పకపోతే నా అద్దాలు పగిలేట్టున్నాయి.

నా పుట్టుక ఘనమైనదే. ఏదో దేశపు ఫ్యాక్టరీలో తెల్లకోట్ల వాళ్లు ఊపిరి బిగబట్టి నా అద్దాలు సానపట్టారు. మద్రాసులో ఒక గుర్రప్పందాల ఆసామి నన్ను కొన్నాడు. ఆయన గెలిచే గుర్రాన్ని ఏనాడూ చూడలేదు, తను పందెం కాసిన గుర్రాన్నే చూసేవాడు. తర్వాత చీరాలలో ఒక మేడమీది పెద్దమనిషి చేతికొచ్చాను. ఎదురింటివాళ్ల వంటింట్లో ఏం ఉడుకుతోందో చూడ్డానికి నన్ను వాడాడు. ఛీ, ఆ రోజులు తలుచుకోను. ఆయన పోయాక పాతసామాన్ల కొట్టుకి చేరాను.

అక్కడ నన్ను కొన్నది హైస్కూలు పిల్లలు. వాళ్ల డ్రిల్లు టీచరు సుభాషిణమ్మ రిటైరవుతోంది. మాస్టర్లు శాలువా, గోడగడియారం ఇస్తే, పిల్లలు చందాలు వేసుకుని నన్నిచ్చారు. విజిలు ఊదబోతూ ఆకాశంలో కొంగల బారు కనిపిస్తే ఆగిపోయే మనిషని వాళ్లకే తెలుసు. ఆమె నన్ను మెడలో వేసుకుని నవ్విన నవ్వు చూసి, అమ్మయ్య, ఇన్నాళ్లకి సరైన చోట పడ్డాననుకున్నాను. నా మొహం!

సుభాషిణమ్మకి నీటికాసులు. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటి చూపు అంచుల నుంచి ముడుచుకుపోతోంది. "చుక్కలు వేస్తుంటే కొన్నాళ్లు నిలుస్తుందమ్మా. చూడాలనుకున్నవి ఏమన్నా ఉంటే మాత్రం వాయిదా వెయ్యొద్దు" అన్నాడు డాక్టరు.

ఆమెకున్నది ఒకే కోరిక. పడమటి వైపు, బస్సులో కాస్త దూరం వెళ్తే గూడబాతుల మడుగు ఉంది. పక్షుల సంరక్షణ కేంద్రం. గేటు దగ్గర్నుంచి తుమ్మచెట్ల మధ్యగా కాలిబాట, బాట చివర మంచె. మంచె ఎక్కితే గూడబాతు తన ముక్కు సంచిలోంచి పిల్లకి మేత పెట్టడం కనిపిస్తుందట. చూపు ఉండగా అది చూడాలి. అంతే.

ఇంతమాత్రానికి ఒక బస్సు టిక్కెట్టు చాలు. కానీ ఆమెకి పక్క వాటాలో ఒక తమ్ముడున్నాడు, వీరరాఘవులు. అక్కంటే ప్రాణం. అదే వచ్చిన చిక్కు.

"ఒక్కదానివే పోతావా? మేమంతా లేమా ఏంది? అందరం కలిసే పోదాం. నేను చూసుకుంటాగా!" అన్నాడు.

ఇక మొదలైంది. అందరూ అంటే కారు చాలదు, మినీ బస్సు కావాలి. మినీ బస్సన్నాక సీట్లు ఖాళీగా ఉంటే బాగోదని వియ్యాలవారిని పిలిచారు. ఒకసారి పిల్లల పరీక్షలు, ఇంకోసారి ఎవరింట్లోనో పురుడు. "పై వారం పక్కా అక్కా!" అన్నప్పుడల్లా ఆమె నన్ను ఆశగా తుడిచేది. పక్కా కాదని తేలగానే వీరరాఘవులు భార్య కనకరత్నం, "ట్రిప్పుకి వాడాల్సింది, పాడవకూడదొదినా" అని నన్ను మళ్లీ బీరువాలో పెట్టేది. ఆ జాగ్రత్త వల్లే, వానాకాలం తేమకి నా ఎడమ గొట్టమంతా బూజు పట్టింది. గాలికి పెట్టిన నాథుడు లేడు.

చివరికి కనకరత్నం వాళ్లమ్మ పంచాంగం పట్టుకుని కూర్చుంది. "ఆదివారం పడమటికి వారశూల, పోగూడదు. మంగళవారం అసలే వద్దు. బుధవారం దశమి బాగుంది. వర్జ్యం దాటాక కదలండి" అంది. పంతులుగారిని అడిగారు. డ్రైవర్ని అడిగారు. పులిహోర కలపడానికి వంటమనిషిని అడిగారు. కుర్చీలాట ఆడాలని బస్సు మీదికి కుర్చీలు కూడా ఎక్కించారు. పక్షుల దగ్గర కుర్చీలాటేమిటి తల్లీ!

ఎండ నెత్తికెక్కాక గేటు ముందు దిగాం. గేటుకి తాళం. పక్కన బోర్డు మీద "ప్రతి బుధవారం సెలవు" అని ఇంతింత అక్షరాలు. ఊళ్లో అందర్నీ అడిగారు కదా, ఆ మడుగువాళ్లని ఒక్కరూ అడగలేదు. నాకే తల ఉంటే గోడకేసి కొట్టుకునేదాన్ని.

"బాబ్బాబు, మా అక్కనొక్కదాన్నన్నా లోపలికి పంపియ్యవయ్యా" అని వీరరాఘవులు కాపలా మనిషిని బతిమాలాడు.

"కుదరదండీ. పిట్టలకీ వారానికో రోజన్నా నెమ్మదుండాలగా" అన్నాడతను, బస్సులో మోగుతున్న పాటల వైపు చూస్తూ. "ఈ నెలాఖరుకి పిల్లలు ఎగిరిపోతాయి. ఈలోపే రండి."

మనవాళ్లు చెట్టుకింద జంపఖానా పరిచి పులిహోర తిన్నారు. బోర్డు ముందు నిలబడి ఫొటోలు కూడా దిగారు! సుభాషిణమ్మ నన్ను గేటు ఊచలకి ఆనించి చూసింది. తుమ్మచెట్ల తలలు తప్ప ఏమీ లేవు. వీరరాఘవులు వచ్చి పక్కన నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు.

"నీకు చూపించేదాకా నాకు ముద్ద దిగదక్కా. పై నెల్లో ఖాయం."

ఆమె అతని భుజం తట్టింది. పై నెలకి గూళ్లు ఖాళీ అని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు పొద్దున్నే, "కంటి చుక్కలు తెచ్చుకుంటా" అని కనకరత్నంతో చెప్పి, నన్ను సంచిలో వేసుకుని సుభాషిణమ్మ పల్లెవెలుగు బస్సెక్కింది. కాలిబాట పక్కన కట్టిన తాడు పట్టుకుని మెల్లగా నడిచింది. తుమ్మముల్లు గుచ్చుకుంటే తీసి పారేసి మళ్లీ నడిచింది. మంచె ఎక్కి నన్ను కళ్లకి ఆనించుకుంది. అయ్యో, నా ఎడమ గొట్టం నిండా బూజే కదా! కానీ ఎడమ గొట్టంతో ఆమెకి పనేముంది? కుడి గొట్టంలోంచి కుడి కన్ను చూసింది. గూడబాతు నోరు తెరిచింది. పిల్ల తలంతా తల్లి సంచిలోకి దూర్చేసింది.

"ఓసి నీ ఆకలి తగలెయ్యా!" అని సుభాషిణమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుపెందుకమ్మా, అద్దం మసకేస్తోంది, ముందు చూడు, అని కసురుకున్నాను. ఎవరు వింటారు!

ఇంటికొచ్చాక నోరు మెదపలేదు. చెబితే తమ్ముడు నొచ్చుకుంటాడట. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ బీరువా, మళ్లీ కలరా ఉండలు.

వారం తిరక్కుండానే వీరరాఘవులు ఫోను పట్టుకుని వచ్చాడు. "పై నెలకి పెద్ద బస్సు మాట్లాడానక్కా. ఈసారి సెలవెప్పుడో కూడా కనుక్కున్నా."

ఆమె నన్ను తీసి అతని మెడలో వేసింది. "మంచె మీద ఎడం పక్కన నిలబడరా. కుడి పక్క కొమ్మ అడ్డమొస్తది."

అతను తలూపి, ఆగిపోయాడు. "నీకెట్టా తెలుసక్కా?"

సుభాషిణమ్మ తల దించుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంది. అతను ఆమెనీ, నన్నూ మార్చి మార్చి చూశాడు. ఫోను జేబులో పెట్టేశాడు.

"పిల్లలు ఉన్నాయా ఇంకా?"

"ఉన్నాయి. ఇంకో నాలుగు రోజులు."

"రేపు పొద్దున్నే బస్సు ఎన్నింటికి?"

ఆమె చెప్పింది. అతను నన్ను బీరువాలో పెట్టలేదు. వీధి తలుపు పక్కన, గొడుగు తగిలించే మేకుకి తగిలించాడు.