తనది తీసేస్తే

పద్నాలుగు జతలు. తనది తీసేస్తే పదమూడు.

ఆమె చెప్పుల స్టాండు దగ్గర్నుంచి తల తిప్పి నీళ్ళలోకి చూసింది. టోపీలు పెట్టుకున్న తలలు ఒకటి, రెండు, మూడు... పన్నెండు దగ్గర వేలు ఆగిపోయింది. అంతలో లోతు వైపు గోడవార పదమూడో తల పైకి లేచి, నోట్లోంచి నీళ్ళు చిమ్మింది. ఆమె ఊపిరి వదిలి, వెళ్ళి కుర్చీలో కూలబడింది. మూడు నిమిషాలాగి మళ్ళీ లేవాలి.

నాలుగు అపార్ట్‌మెంట్ బ్లాకుల మధ్యనున్న ఆ ఈతకొలను పెద్దదేం కాదు. ఒక కొస మూడడుగులు, రెండో కొస ఐదున్నర. చుట్టూ నడిచేవాళ్ళ బాట, బాట పక్కన పచ్చగడ్డి, గడ్డిలో చేతులూ కాళ్ళూ ఆడించుకునే ఇనప యంత్రాలు. తలెత్తితే నాలుగు వైపులా బాల్కనీలు, వాటి నిండా పూలకుండీలు, ఆరేసిన తువ్వాళ్ళు. ఆ కుండీలు చూసినా ఆమెకి భయమే. పిట్టగోడ మీద పెట్టిన కుండీ గాలికి దొర్లి, కింద నడిచేవాళ్ళ నెత్తిన పడితే? అందుకే తన కుర్చీ ఏ బాల్కనీ కిందా రాకుండా ఎండలోకి జరిపి వేసుకుంది. తెల్ల ప్లాస్టిక్ కుర్చీ. ఒక కాలు చిట్లితే తీగ చుట్టి బిగించుకుంది.

చెప్పుల లెక్క ఎవరూ నేర్పింది కాదు. తలలు మోసం చేస్తాయి. మునుగుతాయి, తేలుతాయి, టోపీల్లో అన్నీ ఒక్కలాగే ఉంటాయి. చెప్పులు అలా కాదు, విడిచినచోటే ఉంటాయి. అందుకని కొలను గేటు దాటిన ప్రతివాళ్ళూ ఆ నాలుగరల స్టాండులోనే చెప్పులు పెట్టాలని పదిహేడేళ్ళ కింద పట్టుబట్టింది. తన హవాయి చెప్పులు కూడా అట్టడుగు అరలోనే పెడుతుంది. నీవి వేరేచోట విడిస్తే లెక్క తేలిక కదా అని ఒకసారి రిటైరైన లెక్కల మాస్టారు అడిగారు. తను రూలు తప్పితే మిగతావాళ్ళూ తప్పుతారని చెప్పింది.

"అయితే రోజంతా ఒకటి తీసేస్తూ కూర్చుంటావన్నమాట" అని నవ్వారాయన.

చెప్పులు చూస్తే మనుషులు తెలిసిపోయేవారు. ఎడమ మడమ అరిగినవి మోకాళ్ళ మామ్మగారివి. ఆవిడ ఈదరు, డాక్టరు చెప్పాడని మూడడుగుల నీళ్ళలో కడ్డీ పట్టుకుని అటూ ఇటూ నడుస్తారు. మడమ అరుగుదల కుడివైపుకి మారితే రెండో మోకాలు కూడా మొదలైందని ఆమెకి ముందే తెలిసిపోతుంది, తెలిసి ఆ రాత్రంతా నిద్ర పట్టదు. ఏ జతైనా నాలుగు రోజులు కనపడకపోతే మనసు కీడు శంకిస్తుంది. ఊరెళ్ళారనో ఇల్లు మారారనో తెలిసేదాకా ముద్ద దిగదు.

పిల్లలు ఆమెని జాగ్రత్త ఆంటీ అంటారు. పరిగెత్తకు జాగ్రత్త, మెట్టు తడిగా ఉంది జాగ్రత్త, చెవిలో నీళ్ళు పోతాయి జాగ్రత్త. వెనకాల నడుం మీద చేయి పెట్టి, బొంగురు గొంతుతో ఆమెని అనుకరిస్తారు. ఆమెకి తెలుసు. నవ్వితే నవ్వారు, వింటే చాలు.

ఈ ఉద్యోగం కూడా భయం వల్ల వచ్చిందే. అప్పట్లో ఆమె మెట్లు తుడిచేది. చీపురు పక్కన పడేసి, గట్టుమీద గెంతుతున్న పిల్లల్ని కేకలేస్తుంటే అపార్ట్‌మెంట్ సంఘం పాత సెక్రటరీ చూశాడు. ఇంత పిరికిమనిషి మనకి మళ్ళీ దొరకదు, ఈవిడనే నీళ్ళ దగ్గర కూర్చోబెట్టండని సగం వేళాకోళంగా అన్నాడు. అలా కూర్చుంది. ఈత రాదు. నేర్చుకోమంటే వణికిపోయింది.

పుట్టుకతోనే ఇంత పిరికిది కాదు. పెళ్ళయిన కొత్తలో భర్త కోసం మాత్రం భయపడేది. గోడలకి రంగులేసేవాడు. నిచ్చెన మీంచి పడతాడనుకుంది, బస్సు గుద్దుతుందనుకుంది. అతను మూడు రోజుల జ్వరంతో పోయాడు. జ్వరం గురించి ఆమె భయపడలేదు, రెండు మాత్రలేసి పడుకోబెట్టింది. ఆమెకి అప్పుడొక సంగతి అర్థమైంది. తను భయపడినవేవీ జరగలేదు, భయపడటం మరిచిపోయిందే జరిగింది. అప్పట్నుంచి ఒక్కటీ వదలకుండా భయపడటం మొదలుపెట్టింది.

ఈ రోజు భయం మాత్రం కుర్చీ గురించి. సాయంత్రం సెక్రటరీ ఒక ఏజెన్సీ అతన్ని తీసుకొస్తున్నాడు. కొలను నలుమూలలా కెమెరాలు పెడతారట, సర్టిఫికెట్ ఉన్న ఈతగాణ్ణి పెడతారట. వాళ్ళు కుదిరితే ఆమె మళ్ళీ మెట్ల మీదకే. బ్లాకుకి అయిదంతస్తులు. ఇప్పుడు రెండో అంతస్తుకే ఆయాసం. అయినా అంతకన్నా పెద్ద దిగులు ఇంకొకటుంది. కెమెరా చూస్తుంది సరే, దానికి భయమెక్కడిది?

పొద్దున పది కావస్తుండగా, ఆఖరి మనిషి తల తుడుచుకుని వెళ్ళిపోయాక, ఫోను మోగింది. కూతురు. వ్యాయామం చేసేవాళ్ళ బూట్లమ్మే షాపులో పని, స్కూటర్ మీద వెళుతుంది. చేరగానే ఫోన్ చేయాలి. అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఈలోపు ఆమె మనసులో లారీ, రోడ్డు, ఆసుపత్రి వరండా అన్నీ వచ్చి వెళ్ళిపోతాయి.

"చేరానే అమ్మా. ఇంక ఊపిరి పీల్చుకో."

"హెల్మెట్ క్లిప్పు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా, బెల్టూ పెట్టుకున్నా, వీలైతే చక్రాలక్కూడా పెడతా. నీ ఎడం చెయ్యి ఎలా ఉంది? చూపించుకుంటానన్నావు."

"వల లాగీ లాగీ పట్టేసిందంతే. ఈ ఏజెన్సీ గొడవ తేలనీ, చూపించుకుంటాలే."

ఫోను గుండెకి ఒకసారి ఆనించుకుని, వల అందుకుంది. పొడుగాటి కర్రకి కట్టిన వల. నీళ్ళ మీద ఆకులు, వెంట్రుకలు, ఎవరిదో రబ్బరు బ్యాండు. నాలుగుసార్లు లాగేసరికి చెయ్యి భుజం దాకా బరువెక్కింది. గట్టున కూర్చుంది. మామ్మగారికి రబ్బరు తివాచీ వేయాలి, మెట్టు పాకుడు పట్టింది, పాకుడు మీద జారితే తుంటి ఎముక. లేచి మెట్టు రుద్దింది.

సాయంత్రం నాలుగున్నరకి పిల్లలు వచ్చిపడ్డారు. అయిదింటికి సెక్రటరీ వచ్చి కంచె బయట నిలబడ్డాడు, పక్కన టీషర్టు వేసుకున్న మనిషి, చేతిలో అట్ట, అట్టమీద కాగితం. సెక్రటరీ మంచివాడే. పదిహేడేళ్ళనుంచి ఉన్న మనిషి అని ఆమెని చూపించాడు. ఏజెన్సీ అతను కూడా మర్యాదగానే అడిగాడు.

"ఇన్నేళ్ళలో ఎంతమందిని కాపాడావమ్మా?"

ఆమె ఆలోచించింది. "ఎవర్నీ లేదు బాబూ. ఎవరూ మునగలేదు."

"అంటే అనుభవం లేదన్నమాట" అని అతను కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఆమెకి చాలా చెప్పాలనిపించింది. గట్టు మీద పరిగెత్తకుండా ఆపిన పాదాలు, కడుపునిండా తినొస్తే నీళ్ళలోకి దిగనివ్వని పిల్లలు, ఎర్రబడ్డ కళ్ళు చూసి వెనక్కి పంపిన, ఒకరింటికి పండక్కొచ్చిన తాగుబోతు అల్లుడు. జరగనివన్నీ ఎలా చూపించడం? లెక్క టైమయిందని చెప్పి స్టాండు దగ్గరికి నడిచింది.

ఇరవై రెండు జతలు. తనది తీసేస్తే ఇరవై ఒకటి. నీళ్ళలో ఇరవై తలలు.

మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై. గట్టుమీద ఎవరైనా ఉన్నారా? లేరు. బట్టలు మార్చుకునే గది ఖాళీ. మూడోసారి ఇరవై. పై అరలో గులాబీరంగు చెప్పులు, అరచేతంత ఉన్నాయి, మీద ప్లాస్టిక్ సీతాకోకచిలుకలు. మూడో అంతస్తు పాప. ఆరేళ్ళుండవు.

"బయటకి రండి! అందరూ బయటకి రండి!"

అది తన గొంతేనని ఆమెకే తెలియలేదు. నీళ్ళు చిందాయి, బాట మీంచి తల్లులు పరిగెత్తుకొచ్చారు. గట్టెక్కేవాళ్ళు ఎక్కుతుండగానే, ఈత రాని ఆమె మెట్లు దిగి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. నడుం దాకా, రొమ్ముల దాకా. కలకబారిన నీళ్ళలో ఏమీ కనబడక, పాదాలతో అడుగంతా తడుముకుంటూ నడిచింది. కాలికి మెత్తగా ఏదో తగిలి ప్రాణం పోయినంత పనైంది. ఎవరిదో టోపీ. నీళ్ళు గడ్డానికి తగులుతున్నా ఇంకో అడుగు వేసింది. మాస్టారు గట్టుమీంచి వంగి ఆమె చెయ్యి దొరకబుచ్చుకుని ఆపారు.

అప్పుడు మూడో అంతస్తు బాల్కనీలోంచి ఒక తండ్రి తొంగిచూశాడు. భుజం మీద తువ్వాలు చుట్టుకున్న పాప.

"ఏమైందండీ కింద? మాది ఇక్కడే ఉంది. చలేస్తోందంటే, మీరంతా మాటల్లో ఉండగా ఎత్తుకొచ్చేశాను."

చెప్పులు మరిచిపోయాడు. అంతే.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ప్రాణాలు తోడేశావు కదా అని ఒకావిడ, పిల్లలు జడుసుకున్నారని ఇంకొకావిడ. నీ జాగ్రత్త పాడుగానూ అని ఎవరో అంటే, నవ్వొచ్చినవాళ్ళు నవ్వారు. సెక్రటరీ ఏజెన్సీ అతని వైపు చూసి, మెల్లగా "చూశారుగా" అన్నాడు. వెళుతూ వెళుతూ ఆమె దగ్గర ఆగాడు.

"ఒకటో తారీఖునుంచి మెట్ల పనిలోకి వెళ్ళమ్మా. నీకూ కాస్త ప్రశాంతంగా ఉంటుంది."

ఆమె బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "పాప ఉంది కదండీ. అది చాలు" అంది.

ఇల్లు పక్క వీధిలోనే. వెళ్ళి బట్టలు మార్చుకురావచ్చు. కానీ కొలను తెరిచి ఉంది. తడిబట్టలతోనే కుర్చీలో కూర్చుంది. తండ్రి దిగొచ్చి సీతాకోకచిలుకల చెప్పులు తీసుకెళ్ళాడు, సారీ అన్నట్టు చేయి ఊపాడు. ఆరున్నరకి పిల్లలంతా వెళ్ళిపోయి మాస్టారూ, మామ్మగారూ మిగిలారు. మూడు జతలు. తనది తీసేస్తే రెండు.

మామ్మగారు కడ్డీ పట్టుకుని నడుస్తూ కుర్చీకి ఎదురుగా ఆగారు. "నువ్వు అరిచావని వాళ్ళకి కోపం. ఆ పిల్ల నిజంగానే మునిగి ఉంటే, ముందే ఎందుకు అరవలేదని కోపం వచ్చేది. వాళ్ళ మాటలు పట్టించుకోకు."

"అంత మాట అనకండి మామ్మగారూ" అంది ఆమె.

మాస్టారు వెళ్ళిపోయారు. రెండు జతలు. తనది తీసేస్తే ఒకటి.

చెయ్యి నొప్పి భుజం దాటి దవడలోకి పాకింది. చలిగాలికేమో అనుకుంది. తడిబట్టలతో జ్వరమొస్తే రేపు రావడం ఎలాగో అనుకుంది. మామ్మగారు ఇంకా రెండుసార్లు అటూ ఇటూ తిరగాలి. మెట్టు పొద్దున రుద్దింది కదా, జారదు. కూతురు ఏడున్నరకి షాపులోంచి బయల్దేరుతుంది, రోడ్డు మలుపులో దీపం వెలగడం లేదు, చెప్పాలి. మామ్మగారి తెల్ల టోపీ అటు చివరికి వెళ్ళింది. తిరిగింది. ఒకటి, అనుకుంది ఆమె. ఒక తల. సరిపోయింది.

మామ్మగారు కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, తువ్వాలు కప్పుకుని, వెళ్ళొస్తానమ్మా అన్నారు. మెట్టు తడిగా ఉంది జాగ్రత్త అన్న మాట కోసం అలవాటుగా ఒక్క క్షణం ఆగారు. రాలేదు. ఆమె తల వాల్చి కూర్చుని ఉంది. పాపం మనసు కష్టపెట్టుకుంది, కాస్త కునుకు తీయనీ అనుకుని, చప్పుడు కాకుండా ఎడమ మడమ అరిగిన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

ఏడింటికి గేటుకి తాళం వేయడానికి వచ్చిన వాచ్‌మన్ రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం తట్టాడు.

అంబులెన్సువాళ్ళు ఒట్టి కాళ్ళతోనే ఎక్కించుకుని వెళ్ళారు. ఆసుపత్రిలో డాక్టర్లకి చేయడానికేం మిగల్లేదు. కూతురు హెల్మెట్ క్లిప్పు పెట్టుకోకుండా, వెలగని దీపం మలుపు మీదుగా అక్కడికి చేరింది. చేరానని ఫోన్ చేయడానికి ఫోను బయటకి తీసి, అలాగే పట్టుకుని నిలబడింది.

మర్నాడు కొలను మూసేశారు. ఆ తరవాతి రోజు ఏజెన్సీవాళ్ళు రావలసినదానికన్నా ముందే వచ్చి నాలుగు మూలలా నాలుగు కెమెరాలు బిగించారు, పగిలిన కుర్చీ తీసేసి ఎత్తు కుర్చీ వేశారు. చెప్పులు ఇప్పుడు ఎవరికి తోచినచోట వాళ్ళు విడుస్తున్నారు. నీళ్ళలో ఎవరూ లేని మధ్యాహ్నం వేళ కూడా స్టాండు అట్టడుగు అరలో ఒక జత ఉంటుంది. నీలం పట్టీల హవాయి చెప్పులు, ఎడమదాని పట్టీ ఊడి రాకుండా అడుగున గుచ్చిన పిన్నీసు తుప్పు పట్టడం మొదలైంది.